ఐదున్నర మిల్లీలీటర్లు

డాక్టర్ అనంతపద్మనాభం గారు సీలు వేసిన కవరు చింపారు. టైము ఉదయం తొమ్మిదీ పది. ఏలూరులో ఆయన నడిపే పిల్లల క్లినిక్‌లో, కన్సల్టింగ్ రూములో నలుగురం ఉన్నాం. టేబుల్‌కి అటు ఆయన, ఇటు నేను. కిటికీ దగ్గర సి.ఐ. వెంకట్రాజు నిలబడి ఉన్నాడు. తలుపు పక్కన స్టూలు మీద, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, క్లినిక్ తరఫున ఇళ్ళకి మందు చేరవేసే మార్తమ్మ కూర్చుంది.

డాక్టరుగారు కాగితం చదివారు. తిప్పి వెనకవైపు చూశారు. మళ్ళీ చదివారు.

“నూనె” అన్నారు.

“అంటే ఏవిటండీ?” అన్నాడు వెంకట్రాజు.

“ముప్పై ఏడో నంబరు సీసాలో విటమిన్ డి లేదండీ. వట్టి నూనె.”

డాక్టరుగారు అడగ్గా నేనీ కేసు ఒప్పుకుని ఇరవై గంటలైంది. ఆ ఇరవై గంటలూ ఆ కవరులో ‘విటమిన్’ అనే మాటే ఉంటుందని నమ్మి, దాని మీద నా ఊహలన్నీ పేర్చుకున్నాను. ఇప్పుడవన్నీ ఒక్కసారిగా కూలిపోయాయి.

నా పేరు ప్రసూన. ఇరవై రెండేళ్ళు డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌గా మందుల షాపులు తనిఖీ చేశాను. పై అధికారులతో పడక రాజీనామా ఇచ్చి, పవర్‌పేటలో ప్రైవేటు డిటెక్టివ్‌నని బోర్డు పెట్టుకున్నాను. నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. నిజమే, కాకపోతే కారణం లేకుండా రాదు.

ఆస్తమా ఉన్న పిల్లలకి రోజూ విటమిన్ డి చుక్కలు వేస్తే ఆయాసం తగ్గుతుందా అని డాక్టరుగారు ఒక పరిశీలన చేస్తున్నారు. ఆరు నుంచి పదేళ్ళ లోపు పిల్లలు నూట ఇరవై మంది. సగం మందికి విటమిన్ కలిపిన నూనె, సగం మందికి వట్టి నూనె. సీసాలు రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఎవరికి ఏది వెళ్ళిందో తల్లికి తెలీదు, ఇచ్చిన మనిషికి తెలీదు, డాక్టరుగారికీ తెలీదు. ముందే తెలిస్తే మనసు ఫలితాన్ని తనకి కావలసిన వైపుకి లాగుతుందిట. జవాబులు సీలు వేసిన కవర్లలో ఉంటాయి. ప్రాణం మీదికి వస్తే తప్ప తెరవకూడదు.

ప్రాణం మీదికే వచ్చింది. కైకలూరు దగ్గర రొయ్యల చెరువులు చేసే ఏడుకొండలు కొడుకు జయంత్, ఏడేళ్ళవాడు, పద్దెనిమిదో తారీఖు నుంచి ఐ.సి.యు.లో ఉన్నాడు. ఇవాళ ఆగస్టు ఇరవై. వాంతులు, తీరని దాహం, మగత. రక్తంలో విటమిన్ డి ఉండాల్సినదానికి పదింతలుంది. దాంతో కాల్షియం పెరిగిపోయి మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి.

“వట్టి నూనె తాగిన పిల్లాడి ఒంట్లోకి అంత విటమిన్ ఎలా వచ్చిందండీ?” అని అడిగాను.

“అదే నాకూ అర్థం కావడం లేదు ప్రసూనగారూ.”

“ఎండలో ఆడుకుంటే వస్తుందంటారుగా?” అన్నాడు వెంకట్రాజు.

“ఎండ వల్ల ఇంత రాదండీ. చాలనుకున్నచోట ఒళ్ళే ఆపేస్తుంది. ఇది నోటి ద్వారానే వెళ్ళాలి.”

“అలా చెప్పండి. నోట్లోకి వెళ్ళింది ఈ సీసా ఒక్కటే. సీసా కంపెనీ నుంచి సీలుతో ఇక్కడికొచ్చింది. ఇక్కణ్ణుంచి ఆ ఇంటికెళ్ళింది. మధ్యలో ముట్టుకున్న చెయ్యి ఒక్కటే.” ఆ చెయ్యి ఎవరిదో చెప్పాల్సిన పని లేకుండా మార్తమ్మ వైపు చూశాడు. “సాయంత్రం నాలుగింటికి కోర్టులో హాజరు పరుస్తున్నాను.”

“ఎందుకు చేసిందిట?”

“అది స్టేషన్‌లో ఆవిడే చెబుతుంది.”

“ఎందుకు చేసిందో తెలీదు, ఎలా చేసిందో తెలీదు. నాలుగింటికి అని మాత్రం తెలుసు. బావుంది” అన్నాను.

“మీరు డేటు దాటిన దగ్గు మందులు పట్టుకున్నవారు మేడం. ఇది పోలీసు కేసు.”

నేను ఏదో అనబోతే డాక్టరుగారు చెయ్యెత్తి ఆపారు. “మీరిద్దరూ తరవాత పోట్లాడుకోండి. నిన్నటి నుంచి మా సీసాల్లో విషం ఉందని ఊళ్ళల్లో చెప్పుకుంటున్నారు. చుక్కలు మానేస్తే నాకేం భయం లేదు. మేమిచ్చిన ఇన్‌హేలర్లు కూడా పారేస్తున్నారు. ఈ పొద్దున్న ఇద్దరు పిల్లల్ని పెదాలు నీలంగా మారాక తీసుకొచ్చారు. కారణం తేలకపోతే నేనెవరికని నచ్చచెప్పనండీ?”

ఒక పిల్లాడు ఐ.సి.యు.లో, ఒక ఆడమనిషి జైలు గుమ్మంలో, నూట పంతొమ్మిది మంది పిల్లలు ఊపిరికి తడుముకుంటూ. నా దగ్గరేమో ఒక్క ఆలోచన కూడా లేదు.

టేబుల్ మీద పారదర్శకమైన కవరులో ముప్పై ఏడో నంబరు సీసా ఉంది. వెంకట్రాజు దాన్ని ముట్టుకోనివ్వడు కాబట్టి వంగి చూశాను. సీసా పక్కన నిలువుగా కాగితం ముక్క అంటించి ఉంది. దాని మీద నీలం ఇంకుతో అడ్డగీతలు, ఒక్కో గీత పక్కన ఒక్కో తారీఖు.

“ఎంత మిగిలింది ఇందులో?”

“ఐదున్నర మిల్లీలీటర్లు” అన్నాడు వెంకట్రాజు హుషారుగా. “నేనే దగ్గరుండి కొలిపించాను. ముప్పై మిల్లీలీటర్ల సీసా. రోజుకి అర మిల్లీలీటరు. జులై ఒకటి నుంచి ఆగస్టు పద్దెనిమిది దాకా నలభై తొమ్మిది రోజులు. ఖర్చు ఇరవై నాలుగున్నర, మిగలాల్సింది ఐదున్నర. మిగిలింది ఐదున్నర. ఇంట్లోవాళ్ళు చుక్క ఎక్కువా పొయ్యలేదు, తక్కువా పొయ్యలేదు. అంటే తేడా ఇంట్లో జరగలేదు.”

“సరిగ్గా ఐదున్నరా?”

“సరిగ్గా.”

అదే నాకు మింగుడుపడలేదు. ఇరవై రెండేళ్ళలో వేలకొద్దీ సగం వాడిన సీసాలు చూశాను. పిల్లలు ఉమ్మేస్తారు. డ్రాపరు కారుతుంది. ఒకరోజు మర్చిపోతారు, మర్నాడు రెండు రోజులది కలిపి పోసేస్తారు. ఏ ఇంట్లోనూ మందు లెక్క ప్రకారం మిగలదు. ఈ ఇంట్లో ఎందుకు మిగిలింది?

“జాగ్రత్తగా ఉన్నా తప్పేనా మేడం?” అన్నాడు వెంకట్రాజు.

“ఇంత జాగ్రత్త మనుషులకి ఉండదు” అని మార్తమ్మ వైపు స్టూలు లాక్కుని కూర్చున్నాను. యాభై దాటిన మనిషి. నెలకోసారి స్కూటీ మీద చెరువు గట్లన్నీ తిరిగి సీసాలు చూసొస్తుంది.

“ఈ గీతలెవరు గీశారు మార్తమ్మగారూ?”

“నేనేనండీ.”

“ఎందుకు?”

“చుక్కలు వేసేది ఎక్కువగా ముసలాళ్ళేనండీ. చదువు రాదు. రోజుకి ఎంత, నెలకి ఎంత అంటే తికమక పడుతున్నారు. అందుకని గీతలు గీసిచ్చాను. ఈ తారీఖుకి మందు ఈ గీత మీదుండాలి, అంతేనమ్మా అని చెప్పాను.”

“గీత మీద లేకపోతే?”

ఆమె డాక్టరుగారి వైపు భయంగా చూసింది. “లిస్టులోంచి పేరు తీసేస్తారు, ఇన్‌హేలరు ఆగిపోద్ది అని చెప్పానండీ. నిజంగా తీసెయ్యరనుకోండి. కాస్త భయముంటేనే వేస్తారని అలా అన్నాను. తప్పేనండీ.”

డాక్టరుగారు కళ్ళు మూసుకున్నారు. ఆయనకి ఈ సంగతి తెలీదని ముఖమే చెబుతోంది.

“ఈ ఇంటికి ఎప్పుడెళ్ళారు?”

“జులై ముప్పై ఒకటిన, పదింటికండీ. సరిగ్గా గీత మీదుంది. మిగతా ఇళ్ళల్లో పైకో కిందకో ఉంటుంది. మంగాయమ్మగారింట్లో వెంట్రుకవాసి తేడా లేదు. మెచ్చుకుని కార్డు మీద రాసొచ్చాను కూడా. మంగాయమ్మగారంటే ఆ పిల్లాడి మామ్మండీ.”

వెంట్రుకవాసి తేడా లేదు. జులై ముప్పై ఒకటిన లేదు, ఆగస్టు పద్దెనిమిదినా లేదు. నా తల ఇంకా గజిబిజి అయింది.

డాక్టరుగార్ని అడిగి సీలు తీయని సీసా ఒకటి తెప్పించాను. గాజుగ్లాసులో నీళ్ళు పోసి ఒక చుక్క వేశాను. చుక్క పసుప్పచ్చగా పైకి తేలి, అక్కడే గుండ్రంగా నిలబడింది.

“విటమిన్ ఉన్నదైనా, లేనిదైనా ఇలాగే తేలుతుందాండీ?”

“రెండూ నూనే కదండీ. తేలాల్సిందే.”

“వెంకట్రాజుగారూ, మీ సీసాలోంచి ఒక్క చుక్క ఇప్పించండి.”

“అది ఎవిడెన్సు మేడం. విజయవాడ ల్యాబు నుంచి రిపోర్టు రావడానికి పది రోజులు పడుతుంది. అందాకా ఎవరూ ముట్టుకోకూడదు.”

“పది రోజులకి ఆవిడ జైల్లోను, ఆ పిల్లలు...”

“రూలు రూలే మేడం.”

నేను బ్యాగు తీసుకుని బయటికొచ్చేశాను. రూల్స్ గురించి నాకు పాఠం చెప్పేవాళ్ళంటే ఒళ్ళు మండిపోతుంది. ఇరవై రెండేళ్ళు ఆ పాఠం నేనే అందరికీ చెప్పానన్నది వేరే సంగతి.

పదకొండూ ఇరవైకి ఏడుకొండలు చెరువు గట్టు మీదున్నాను.

అతను మేత షెడ్డులో ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. నిద్ర లేక కళ్ళు ఎర్రబడ్డాయి. నన్ను చూసి, తను చేస్తున్న పనికి తనే సిగ్గుపడ్డట్టు లేచి నిలబడ్డాడు.

“హాస్పిటల్లో మా ఆవిడ ఉందండీ. నేను ఇప్పుడే వచ్చాను. మేత టైముకి పడకపోతే చెరువు దెబ్బతినేస్తుందండీ. అక్కడ కూర్చున్నా నన్ను లోపలికి రానివ్వడం లేదు.”

“మీ పని మీరు చేసుకోండి. నేను అడుగుతుంటాను. పిల్లాడికి ఈ చుక్కలు కాక ఇంకేం పెట్టారు? టానిక్కు, పొడులు, ఆకు పసరు, ఏదైనా సరే.”

“ఏమీ లేదండీ.” తెల్ల క్యానులోంచి ఏదో కొలిచి బకెట్టు నీళ్ళల్లో పోసి కలిపాడు. తెల్లబడ్డ ఆ నీళ్ళని మగ్గుతో మేత మీద చిలకరించడం మొదలెట్టాడు. “డాక్టరుగారు వేరే మందులు వాడొద్దన్నారని మా అమ్మ తులసాకు కూడా మానిపించేసిందండీ.”

“చుక్కలు వేసేదెవరు?”

“అమ్మేనండీ. నేను, మా ఆవిడా తెల్లారకుండానే చెరువు మీదికి వచ్చేస్తాం.”

“వాంతులు ఎప్పుడు మొదలయ్యాయి?”

“ఈ నెల పదకొండునండీ. మొదట నీళ్ళు తెగ తాగేవాడు. ఎండ మూలానేమో అనుకున్నాం.”

రాసుకున్నాను. జులై ఒకటిన మొదలు, ఆగస్టు పదకొండున వాంతులు. మొదటి నుంచీ సీసాలోనే విషం ఉంటే నలభై ఒక్క రోజులు పిల్లాడు హాయిగా ఎలా ఉన్నాడు? మార్తమ్మ సీసా మార్చి ఉంటే జులై ముప్పై ఒకటిన మార్చాలి. కానీ సీసా అదే, నంబరు అదే, మీదున్న కాగితం ముక్క కూడా అదే. ఒక దారి పట్టుకుంటే రెండోది మూసుకుపోతోంది. తల పట్టుకుని ఇంట్లోకి నడిచాను.

మంగాయమ్మకి డెబ్భై ఏళ్ళు దాటి ఉంటాయి. వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి, ఏడవడానికి ముందు మంచినీళ్ళిచ్చింది.

“మా జయంతు ఎలా ఉన్నాడమ్మా? ఎవరూ నిజం చెప్పడం లేదు.”

“చూస్తున్నారండీ, గట్టిగానే చూస్తున్నారు. చుక్కలు ఎలా వేసేవారో ఒకసారి చూపిస్తారా?”

ఆమె గూట్లోంచి డ్రాపరు తీసింది. శుభ్రంగా కడిగి, దారంతో మేకుకి వేలాడదీసి ఉంచింది. పక్కనే ఒక చిన్న గాజుగ్లాసు. అది బోర్లించి ఉంది. గూట్లో ఇంకే మందూ లేదు. నేను గూడంతా తడిమాను. గోడ, మేకు, దారం, అన్నీ చూశాను. పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు.

“నోట్లో వేసేవారు కాదా? గ్లాసెందుకు?”

“నోట్లో వేస్తే ఉమ్మేసేవాడమ్మా. అందుకని నీళ్ళల్లో వేసి పట్టేదాన్ని. మొదట్లో దానికీ ఒప్పుకునేవాడు కాదు. పైన జిడ్డుగా తేలుతోంది మామ్మా, నేను తాగనని ఒకటే మారాం. తరవాత తరవాత బాగానే తాగాడులే. చక్కగా పాలలా అయిపోయేది.”

నేను ఆ మాట విని ఇంకో ప్రశ్న అడగబోయాను కూడా. నోరు తెరిచాక ఆగిపోయాను.

“ఏమన్నారు? పాలలానా?”

“అవునమ్మా. నీళ్ళల్లో వెయ్యగానే తెల్లగా కలిసిపోయేది. వాడు పాలనుకునే తాగేవాడు.”

నూనె నీళ్ళల్లో కలవదు. క్లినిక్‌లో నా చేత్తో నేనే చూశాను. బకెట్టు నీళ్ళు తెల్లబడ్డం పది నిమిషాల క్రితం నా కళ్ళముందే జరిగింది. నేను కాగితం మీద తారీఖులు రాసుకుంటూ కూర్చున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

చెప్పులు కూడా వేసుకోకుండా షెడ్డుకి పరిగెత్తాను. “ఏడుకొండలుగారూ, ఆ క్యానులో ఏవిటది?”

“మేతలో కలిపే విటమినండీ. డి3. రొయ్య పెంకు గట్టిపడాలంటే వెయ్యాలిగా. మామూలు నూనె అయితే నీళ్ళ మీద తేలిపోతుందండీ, మేతకి సమంగా పట్టదు. అందుకని నీళ్ళల్లో కలిసే రకమే కొంటాం.”

క్యాను తిప్పి చూశాను. ఒక్క మిల్లీలీటరులో లక్ష యూనిట్లు. విటమిన్ ఉన్న సీసా అందిన పిల్లలకి క్లినిక్ ఇచ్చేది రోజుకి వెయ్యి. అర మిల్లీలీటరు చొప్పున ఇది తాగితే రోజుకి యాభై వేలు. ఒక చుక్క గ్లాసెడు నీళ్ళల్లో వేశాను. పాలలా కలిసిపోయింది.

ఏడుకొండలు నా ముఖంలోకీ, గ్లాసులోకీ చూశాడు. అతనికింకా అర్థం కాలేదు. నాకు మాత్రం ఎలా అన్నది అర్థమైంది, ఎందుకన్నదే అర్థం కాలేదు. సీసా ఖాళీ అయితేనే కదా నింపాలి. జులై ముప్పైకి సగం మందు ఉండాలిగా?

అప్పుడే గట్టు మీద జీపు ఆగింది. వెంకట్రాజు దిగాడు. నన్ను ఒంటరిగా వదిలితే తన కేసు పాడు చేస్తానని అనుమానం వచ్చి ఉంటుంది. అనుమానం సరైనదే.

“ఏవైనా దొరికిందా మేడం, లేక ఇంకా గ్లాసులో చుక్కలేనా?”

“చుక్కలే. లోపలికి రండి, వినండి. నోరు మాత్రం తెరవకండి.”

మంగాయమ్మ ముందు నేలమీద కూర్చున్నాను. “మామ్మగారూ, పాలలా కలవడం ఏరోజు నుంచి మొదలైంది?”

ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. “మా ప్రసన్న హాస్టలుకి వెళ్ళిన రోజు. మార్తమ్మ వచ్చిందే, ఆ పొద్దున్న.”

“ప్రసన్న ఎవరు?”

“జయంతు అక్కమ్మా. తాడేపల్లిగూడెంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. దానికీ ఆయాసమే. జూన్ నెలాఖరున వానలకి ఎక్కువైతే ఇంటికి తెచ్చుకున్నాం. ఈ మందు దానికీ ఇమ్మని డాక్టరుగార్ని అడిగితే, పదకొండేళ్ళు నిండాయి, కుదరదన్నారు.”

క్లినిక్ కాగితాల్లో ఈ ప్రసన్న పేరు ఎక్కడా లేదు. వాళ్ళకి కావలసింది పదేళ్ళలోపు పిల్లలు, అంతే.

“మరి?” అన్నాను నెమ్మదిగా.

“మరేం చెయ్యనమ్మా? ఇద్దరూ ఒక్క చాప మీద కూర్చుని ఎగపోస్తుంటే, ఒకడి నోట్లో వేసి ఇంకోదాని ముఖం చూస్తూ ఉండమంటావా? మా ఇంట్లో ఏదొచ్చినా ఇద్దరికీ సమానమే. బెల్లం ముక్కైనా అంతే, మందైనా అంతే. వాడికెంతో దానికీ అంతే వేశాను.”

రోజుకి అర కాదు, ఒకటి. ముప్పై మిల్లీలీటర్లు, ముప్పై రోజులు. జులై ముప్పైకి సీసా ఖాళీ. మర్నాడు పదింటికి మార్తమ్మ వస్తుంది.

“గీత దాకా లేకపోతే పేరు కొట్టేస్తారంది కదమ్మా మార్తమ్మ. ఆ పీల్చే మందు ఆగిపోతే మావాడు బతుకుతాడా? భయమేసింది. ప్రసన్నని అడిగాను. సీసా మీద డి3 అని ఉంది మామ్మా, నాన్న షెడ్డులో క్యాను మీదా అదే ఉంది అని చదివి చెప్పింది. రెండూ ఒకటే అనుకుని గీత దాకా పోశాను. తరవాత ఎప్పుడైనా ఒలికి కాస్త తగ్గితే మళ్ళీ గీత దాకా పోసేదాన్ని.”

“అమ్మా!” అన్నాడు ఏడుకొండలు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

“అది మందే కదురా. రొయ్యపిల్లలు తేలిపోతుంటే అది పోసేగా నువ్వు బతికించుకున్నావు.” ఆమె కొడుకు ముఖంలోకి చూసింది. “ఏవిటమ్మా, అలా చూస్తారేవిటి అందరూ? నా చేత్తో నేనే... వాడికి నా వల్లేనా?”

నాకు ఏడుపొచ్చింది. వచ్చిందని చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. ఆ మనిషి వెంట్రుకవాసి తేడా రాకుండా, ప్రతిరోజూ, ప్రేమగా మనవడికి విషం పట్టింది. పట్టించినది మార్తమ్మ గీసిన నీలం గీత.

వెంకట్రాజు డైరీ తీశాడు. “పూర్తి పేరు చెప్పమ్మా.”

“ఏం చేస్తున్నారు?” అన్నాను.

“స్టేట్‌మెంటు. నేరం ఒప్పుకుందిగా.”

“పొద్దున్న మార్తమ్మ, మధ్యాహ్నం ఈవిడ. సాయంత్రానికి రొయ్యల్ని కూడా అరెస్టు చేస్తారా? ఆ డైరీ మూసి ముందు మార్తమ్మని ఇంటికి పంపించండి.”

“మేడం, మీరు డ్యూటీలో ఉన్న ఆఫీసరుతో...”

“ముందు నన్నో ఫోను చేసుకోనివ్వండి, ఆగండి.” డాక్టరుగారికి చేశాను. మేత విటమిన్ పేరు, బలం, మొదలైన తారీఖు చెప్పాను. ఆయన గట్టిగా ఊపిరి వదిలారు. ఎంత వెళ్ళిందో తెలిసింది కాబట్టి వైద్యం మార్చుకోవచ్చట, ఆశ ఉందట. మిగతా సీసాలకి ఏమీ కాలేదు, తల్లులందరికీ ఇప్పుడే ఫోన్లు చేయిస్తానన్నారు. ఆ ఒక్క నిమిషం నాకు కేసు అయిపోయినట్టే అనిపించింది. టైము పన్నెండూ యాభై.

ఫోను పెట్టేశాక మంగాయమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“అమ్మా, ప్రసన్నకి?”

“ప్రసన్నకేం?”

“వెళ్ళేటప్పుడు దానికీ కట్టిచ్చానమ్మా. మందు మధ్యలో ఆపకూడదంటారుగా. దగ్గు మందు సీసా కడిగి, దాన్నిండా పోసి, ఇంకో డ్రాపరు కూడా ఇచ్చాను. వంద మిల్లీలీటర్లది.”

వెంకట్రాజు డైరీ మూసేశాడు.

హాస్టలు నంబరు ఏడుకొండలు ఫోనులో ఉంది. నేనే డయలు చేసి స్పీకరు పెట్టాను. ఆరు రింగులకి వార్డెన్ ఎత్తింది.

“ప్రసన్నాండీ? ఆ అమ్మాయికి రెండ్రోజులుగా వాంతులండీ. ఏదో తినకూడనిది తిని ఉంటుంది. మజ్జిగ ఇస్తున్నాం. భోజనాల టైము కదా, రూములోనే ఉంది, ఇస్తున్నాను.”

ఫోను చేతులు మారింది. సన్నటి గొంతు వినిపించింది. “ఎవరండీ?”

“మీ నాన్నగారికి తెలిసినదాన్నమ్మా. మామ్మ ఇచ్చిన చుక్కలు ఇవాళ వేసుకున్నావా?”

“పొద్దున్నే వేసుకున్నానండీ. ఒక్కరోజు కూడా మానలేదు. మామ్మకి చెప్పండి.”

“ఇక వేసుకోవద్దు. ఒక్క చుక్క కూడా వద్దు. ఒంట్లో ఎలా ఉంది?”

“దాహమండీ. ఎన్ని నీళ్ళు తాగినా తీరడం లేదు.”

మంగాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఫోను ఇంకాస్త దగ్గరికి తీసుకున్నాను. “సీసాలో ఇంకెంత ఉందమ్మా?”

“కొంచెమే ఉందండీ. ఇంకో నాలుగు రోజులకి వస్తుంది.”

వంద మిల్లీలీటర్లు. రోజుకి అర చొప్పున ఇరవై ఒక్క రోజులకి పదిన్నర. దాదాపు తొంభై మిగలాలి. పొద్దున సరిగ్గా సరిపోయిన లెక్క నన్ను తికమక పెట్టింది, ఇప్పుడు సరిపోని లెక్క.

“రోజుకి ఎంత వేసుకుంటున్నావు ప్రసన్నా?”

“డ్రాపరు గీత దాకానండీ. అంతకంటే ఎక్కువ వెయ్యకూడదని తెలుసు నాకు.”

“మరి మిగతాదంతా ఏమైంది? ఒలికిపోయిందా?”

“లేదండీ.” తన మీద ఫిర్యాదు వచ్చిందనుకుందేమో, పిల్ల గబగబా చెప్పుకుపోయింది. “మా రూములో ఎనిమిది మందిమండీ. నాకొక్కదానికే వేసుకుంటే ఏం బావుంటుంది? మామ్మ అలా చెయ్యనివ్వదు గదా. మొదటిరోజు నుంచీ అందరికీ సమానంగానే వేస్తున్నాను.”

ఆ మాటల వెనక, అదే గదిలో, ఇంకెవరో అమ్మాయి మంచినీళ్ళు అడుగుతోంది.